స్పీడ్ గన్ కాకిలెక్కలు ఇంకెన్నాళ్లు? ఐసీసీకి ఒక బహిరంగ లేఖ

అంతర్జాతీయ క్రికెట్ మండలి ఛైర్మన్ గారికి, క్రికెట్ కమిటీ సభ్యులకు,

నమస్కారం.

2024 డిసెంబర్‌లో అడిలైడ్ పింక్ బాల్ టెస్టు మొదటి రోజు మన సిరాజ్ వేసిన ఒక బంతికి టీవీ తెర మీద గంటకు 181.6 కిలోమీటర్లని పడింది. అంతకు రెండేళ్ల ముందు డబ్లిన్‌లో ఐర్లండ్‌తో ఆడిన టీ20లో భువనేశ్వర్ కుమార్ బంతికి 201 చూపించారు. భువనేశ్వర్ పేరు చెబితే ఎవరికైనా గుర్తొచ్చేది స్వింగ్, వేగం కాదు. 2020 అండర్-19 ప్రపంచ కప్‌లో శ్రీలంక కుర్రాడు పతిరణ వేసిన ఒక వైడ్‌కి 175 పడింది. మూడుసార్లూ జనం నవ్వుకున్నారు, మీమ్‌లు చేసుకున్నారు, మర్నాటికి మర్చిపోయారు.

నవ్వుకోవడం వరకూ బాగానే ఉంది. 181 పడితే తప్పని చిన్నపిల్లాడికి కూడా తెలిసిపోతుంది, అది అసాధ్యం కాబట్టి. వేగం కొలిచే అదే మిషను, అదే స్పీడ్ గన్, 148 పడాల్సిన చోట 153 చూపిస్తే ఎవరు పట్టుకుంటారు? కామెంటేటర్ గొంతు పెంచుతాడు, అంకె ఎర్రరంగులో మెరుస్తుంది, మర్నాడు పేపర్లో హెడ్‌లైన్ వస్తుంది. ఆ కుర్రాడి పేరు పక్కన ఆ అంకె శాశ్వతంగా అతుక్కుపోతుంది. పెద్ద తప్పులు వాటంతటవే బయటపడతాయి. చిన్న తప్పులే రికార్డు పుస్తకాల్లోకి ఎక్కుతాయి. ఈ లేఖ వాటి గురించే.

నేను కోరేది ఒక్కటే. బంతి వేగాన్ని ఎక్కడ, దేనితో, ఎలా కొలవాలో మీరు ఒక ప్రమాణం పెట్టండి. ఆ ప్రమాణం ప్రకారం కొలిచినదాన్నే రికార్డు అనండి. కొలిచిన ప్రతి అంకెనీ అందరికీ అందుబాటులో ఉంచండి. ఇది కొత్త డిమాండేమీ కాదు, ఒక రకంగా ఇది మీరే మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన పని.

గుర్తుచేస్తాను. 2002 ఏప్రిల్‌లో లాహోర్‌లో న్యూజిలాండ్ మీద జరిగిన వన్డేలో షోయబ్ అఖ్తర్ బంతికి 161 పడింది. వంద మైళ్లంటే 160.93 కిలోమీటర్లు కాబట్టి, ఆ గీత దాటిన మొదటి బంతి ఇదేనని పాకిస్తాన్ సంబరపడింది. మీరు మాత్రం ఒప్పుకోలేదు. ప్రామాణికమైన కొలత లేకుండా దాన్ని రికార్డుగా గుర్తించలేమన్నారు. సబబైన మాటే. కాకపోతే ఆ మాట అన్నవాళ్లే ఆ ప్రామాణికమైన కొలత ఏమిటో తేల్చాలి కదా? అది తేలకుండానే పది నెలలు తిరిగేసరికి, 2003 ఫిబ్రవరి 22న, కేప్‌టౌన్ న్యూలాండ్స్‌లో ప్రపంచ కప్ మ్యాచ్‌లో అదే అఖ్తర్ ఇంగ్లండ్ ఓపెనర్ నిక్ నైట్‌కి 161.3 వేశాడు. ఈసారి లోకమంతా ఒప్పుకుంది. లాహోర్ అంకె చెల్లకుండా, న్యూలాండ్స్ అంకె చెల్లేలా చేసిన తేడా ఏమిటో ఒక కాగితం మీద రాసి చూపించమంటే చూపించగలరా?

ఆ బంతి గురించి ఇంకో మాట. అంత వేగంగా వచ్చిన దాన్ని నైట్ లెగ్ సైడ్‌కి నెమ్మదిగా తోసి ఊరుకున్నాడు. మ్యాచ్ ఇంగ్లండ్ గెలిచింది, నాలుగు వికెట్లు తీసి గెలిపించింది ఇరవై ఏళ్ల జేమ్స్ ఆండర్సన్. వేగమే సర్వస్వం కాదనడానికి అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. ఆ సంగతి తెలిసే ఈ లేఖ రాస్తున్నాను. వేగం గొప్పదా, నైపుణ్యం గొప్పదా అన్న చర్చ మన మధ్య లేదు. అంకె చూపిస్తున్నప్పుడు అది నిజమైన అంకె అయి ఉండాలంటున్నాను, అంతే.

ఇప్పుడు జాబితా చూద్దాం. (ఇక మీద మైళ్లని చెప్పినచోట తప్ప అంకెలన్నీ గంటకు కిలోమీటర్లలోనే.) అఖ్తర్ 161.3. బ్రెట్ లీ 161.1, 2005లో నేపియర్‌లో న్యూజిలాండ్ మీద. షాన్ టెయిట్ 161.1, 2010లో లార్డ్స్‌లో ఇంగ్లండ్ మీద. జెఫ్ థామ్సన్ 160.6, 1975లో పెర్త్‌లో. మిచెల్ స్టార్క్ 160.4, 2015లో అదే పెర్త్‌లో, రాస్ టేలర్‌కి. ఆ ఇన్నింగ్స్‌లో టేలర్ 290 కొట్టాడన్నది వేరే విషయం. క్రికెట్ అభిమానులకు ఈ అయిదు పేర్లూ కంఠతా వచ్చు. మొదటి పేరుకీ చివరి పేరుకీ తేడా ఎంత? ఒక కిలోమీటరు కూడా లేదు. అయిదు బంతులు, నాలుగు ఊళ్లు, నలభై ఏళ్లు, రకరకాల యంత్రాలు. వాటి మధ్య దశాంశాల్లో తేడా చూసి ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులు ఇచ్చేస్తున్నాం. స్టార్క్ అంకెని నమ్మినవాళ్లు ఎంతమందో, తల అడ్డంగా ఊపినవాళ్లూ అంతమంది. ఇక మహమ్మద్ సమీ 164 వేశాడని కొందరు ఇప్పటికీ ఒట్టేసి చెబుతారు. ఆ అంకెని మాత్రం మిషన్ పొరపాటు కింద పక్కన పెట్టారు. ఏది పొరపాటో, ఏది రికార్డో తేల్చడానికి మన దగ్గరున్న పరీక్ష ఒక్కటే: ఆ అంకె నమ్మేలా ఉందా లేదా అని. దీన్ని కొలత అనరు.

స్పీడ్ గన్, అంటే రాడార్ గన్, ఎలా పనిచేస్తుందో మీకు చెప్పే పని లేదు. కానీ ఈ లేఖ చదివే మిగతావాళ్ల కోసం కాస్త చెప్పాలి. గన్ ఒక తరంగాన్ని వదులుతుంది. అది కదిలే బంతికి తగిలి తిరిగొస్తుంది. తిరిగొచ్చిన తరంగం ఫ్రీక్వెన్సీ ఎంత మారిందో చూసి వేగం లెక్క కడుతుంది. దీన్నే డాప్లర్ సూత్రం అంటారు. దీంట్లో ఒక కిటుకు ఉంది. గన్ కొలిచేది బంతి అసలు వేగాన్ని కాదు, గన్‌కి సూటిగా ఎదురుగా వచ్చే లేదా దూరంగా పోయే వేగాన్ని. గన్ బంతి దారిలో సరిగ్గా సూటిగా ఉంటే రెండూ ఒకటే. పక్కకు జరిగితే కొలత తగ్గుతుంది. బంతి దారికీ గన్ చూపుకీ మధ్య 10 డిగ్రీల కోణం ఉంటే 160తో వచ్చే బంతి 157.6గా కనబడుతుంది. 20 డిగ్రీలు ఉంటే 150.4. అంటే బౌలర్ వెనక బౌండరీ దగ్గరుండే సైట్‌స్క్రీన్ పక్కన గన్ బిగించే మనిషి స్టాండ్‌ని ఎక్కడ పెట్టాడన్న దాని మీద ఒక కుర్రాడి పేరు రికార్డుల్లోకి ఎక్కడం, ఎక్కకపోవడం ఆధారపడి ఉంటుంది. ఒకే లైన్‌లో బిగించినా క్రీజు చివరి నుంచి వేసేవాడికీ, స్టంప్స్‌కి ఆనుకుని వేసేవాడికీ కోణం ఒకటి కాదు.

రెండో కిటుకు, ఎక్కడ కొలిచారన్నది. బంతి చేతిలోంచి వదిలిన క్షణంలో ఉన్న వేగం మళ్లీ ఉండదు. గాలి దాన్ని ఆపుతూనే ఉంటుంది, పిచ్ మీద పడ్డాక వేగం మరీ తగ్గుతుంది. చెయ్యి దాటిన వెంటనే కొలిస్తే ఒక అంకె, ప్రయాణం మొత్తానికి సగటు తీస్తే ఇంకో అంకె, బ్యాట్ దగ్గర కొలిస్తే మరో అంకె. మూడూ నిజమే, మూడూ వేగమే. ఏది రాయాలో నిర్ణయించాల్సింది మీరు. చెయ్యి దాటిన చోటే కొలవాలని నా అభిప్రాయం. అక్కడ ఎదురుగాలికి పని లేదు, పిచ్ గట్టిదా మెత్తదా అన్న ప్రశ్న లేదు, షార్ట్ బాలా ఫుల్ టాసా అన్న తేడా లేదు. బౌలర్ శరీరం ఎంత వేగాన్ని పుట్టించిందో అదొక్కటే కనబడుతుంది.

మూడోది కెమెరాలు. 2001లో పాకిస్తాన్ ఇంగ్లండ్ వెళ్లినప్పుడు లార్డ్స్ టెస్టు ప్రసారంలో హాక్-ఐ మొదటిసారి కనబడింది. అప్పట్నుంచి బంతి దారిని కెమెరాలతో పట్టి వేగం కూడా లెక్కగట్టే పద్ధతి వచ్చింది. కొన్నిచోట్ల రాడార్, కొన్నిచోట్ల కెమెరా. తెర మీద అంకె పడుతుంది గానీ, అది ఏ యంత్రం చెప్పిన అంకో చూసేవాడికి చెప్పరు. ఇవాళ ఒక ఊళ్లో రాడార్ అంకె చూసి, వారం తర్వాత ఇంకో ఊళ్లో కెమెరా అంకె చూసి, ఫలానా బౌలర్ స్పీడు పడిపోయింది, ఏదో తేడాగా ఉంది అని టీవీలో గంటసేపు విశ్లేషణ చేస్తారు. తేడా బౌలర్‌లో ఉందో మిషన్‌లో ఉందో ఎవరికి ఎరుక?

దశాంశాల మీద ఇంత గొడవెందుకు అనొచ్చు. 2022 ఐపీఎల్ చూడండి. ఉమ్రాన్ మాలిక్ సన్‌రైజర్స్ తరఫున ఢిల్లీ మీద 157 వేశాడు. ఫైనల్ దాకా అదే టాప్. ఫైనల్లో లాకీ ఫెర్గూసన్ 157.3 వేశాడు. మొదటి అంకె ముంబై బ్రబోర్న్ స్టేడియంలోది, రెండోది అహ్మదాబాద్‌లోది. ఆ కాస్త తేడాతో సీజన్ ఫాస్టెస్ట్ బాల్ బహుమతి చేతులు మారింది. ఫెర్గూసన్ వేగం మీద నాకే అనుమానమూ లేదు, అతను కచ్చితంగా మెరుపు బౌలరే. రెండు స్టేడియాల్లో గన్ బిగించిన తీరు దశాంశం వరకూ ఒకటేనని ఎవరు హామీ ఇచ్చారన్నదే నా ప్రశ్న. ఐపీఎల్ మీ చేతిలో లేదంటారేమో. ప్రమాణం మీరు పెడితే లీగులు వాటంతటవే వెనక వస్తాయి, అంపైర్ నిర్ణయాన్ని టెక్నాలజీతో సరిచూసే డీఆర్‌ఎస్ విషయంలో జరిగింది అదే.

డీఆర్‌ఎస్ అన్నాను కాబట్టి చెప్పాలి. కొలవడం మీకు చేతకాని పని కాదు. బౌలర్ మోచెయ్యి 15 డిగ్రీలకు మించి వంగి నిటారు కాకూడదని గీత గీసింది మీరే. అనుమానం వస్తే ల్యాబ్‌కి పంపి, ఒంటి నిండా మార్కర్లు అంటించి, హైస్పీడ్ కెమెరాల మధ్య బౌలింగ్ చేయించి డిగ్రీల్లో రిపోర్టు తెప్పిస్తారు. అఖ్తర్ కూడా ఆ దారిలో నడిచినవాడే. అతని మోచెయ్యి మామూలుకన్నా వెనక్కి సాగుతుందని తేల్చింది అలాంటి పరీక్షలే. డీఆర్‌ఎస్‌లో వాడే టెక్నాలజీలు ఎంతవరకూ నమ్మదగ్గవో అమెరికాలో ఎంఐటీ ఇంజినీర్లతో పరీక్ష చేయించారు. బ్యాట్ మందం సరిచూడటానికి అంపైర్ల దగ్గర గేజ్ ఉంది, బంతి సైజు చూడటానికి రింగులున్నాయి. అఖ్తర్ మోచెయ్యి ఎన్ని డిగ్రీలు వంగిందో కాగితం మీద ఉంది, అదే చెయ్యి వదిలిన బంతి వేగాన్ని కొలిచిన యంత్రం గురించి మాత్రం మాలాంటి వాళ్లకు దొరికే కాగితం ఒక్కటీ లేదు. విడ్డూరంగా లేదూ?

పాతకాలం సంగతికొస్తే ఈ లెక్కలేనితనం ఇంకా బాగా తెలుస్తుంది. 1954-55 యాషెస్‌లో ఆస్ట్రేలియాని గడగడలాడించిన ఇంగ్లండ్ బౌలర్ ఫ్రాంక్ టైసన్‌ని, ఆ టూర్ చివర న్యూజిలాండ్‌లో వెల్లింగ్టన్ ఏరోనాటికల్ కాలేజీలో కొలిచారు. చలిగా, తడిగా ఉన్న ఉదయం. ఒంటి మీద మూడు స్వెట్టర్లు, వార్మప్ లేదు. వచ్చింది 89 మైళ్లు, అంటే సుమారు 143. మెల్‌బోర్న్ టెస్టులో 27 పరుగులిచ్చి 7 వికెట్లు తీసిన మనిషి మ్యాచ్ వేడిలో ఎంత వేశాడో ఆ 143 చెబుతుందా? అయినా పుస్తకంలో మిగిలింది అదే. అంతకుముందు, 1932-33లో, బ్యాటర్ల ఒంటికి గురిపెట్టి బంతులు వేసిన బాడీలైన్ సిరీస్‌లో 33 వికెట్లు తీసిన హెరాల్డ్ లార్వుడ్ గురించి రకరకాల అంకెలు తిరుగుతుంటాయి. వాటిలో దేన్నీ ఇక్కడ రాసే ధైర్యం నాకు లేదు.

థామ్సన్ కథ మరీ చిత్రం. 1974-75లో ఈ ఆస్ట్రేలియా బౌలర్‌కి ఇంగ్లండ్ మీద అయిదు టెస్టుల్లో 33 వికెట్లు. 1975 ప్రపంచ కప్‌లో ఓవల్ మైదానంలో ఇద్దరు శ్రీలంక బ్యాటర్లు, మెండిస్, వెత్తముని, ఆయన బంతులు తగిలి ఆస్పత్రికి వెళ్లారు. ఒకరికి తలకి, ఒకరికి పాదానికి. అదే ఏడాది పెర్త్‌లో హైస్పీడ్ కెమెరాలతో కొలిస్తే 160.6 వచ్చింది. ఏడాది తర్వాత, 1976 డిసెంబర్‌లో, అడిలైడ్‌లో పాకిస్తాన్ మీద ఒక క్యాచ్ కోసం పరిగెత్తి సహచరుడు అలన్ టర్నర్‌ని గుద్దుకుని భుజం జారింది. ఆ తర్వాత మునుపటి థామ్సన్ కాదని చూసినవాళ్లంతా అంటారు. మరి 1979లో, బోర్డులతో పోటీగా వరల్డ్ సిరీస్ క్రికెట్ నడిపిన కెర్రీ ప్యాకర్ వాళ్లు పెర్త్‌లో ఫాస్ట్ బౌలర్ల పోటీ పెట్టినప్పుడు గెలిచిందెవరు? ఆ భుజంతోనే థామ్సన్, 147.9తో. మైకేల్ హోల్డింగ్ 141.3, ఇమ్రాన్ ఖాన్ 139.7. ఆ పట్టిక చూసి, హోల్డింగ్ అంటే ఈనాటి మీడియం పేసర్ స్పీడేనా అని ఒక కుర్రాడు అడిగితే ఏం చెప్పాలి? ఆ పోటీ అంకెల్నీ, ఇవాళ మ్యాచ్‌లో రాడార్ గన్ చూపే అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదని చెప్పాలి. ఆ మాట మేం చెబితే అభిమానుల వాదన, మీరు చెబితే అధికారిక వివరణ.

పాత వీడియోలు చూసి స్పీడ్ తేల్చేస్తామనే వీరులు ఈమధ్య చాలామంది తయారయ్యారు. ఫ్రేములు లెక్కపెట్టి థామ్సన్ 175 వేశాడని ఒకరు, లార్వుడ్ 130 దాటలేదని ఇంకొకరు. ఒక్కసారి లెక్క చూడండి. బౌలర్ చేతి నుంచి బ్యాటర్ వరకు దూరం సుమారు 17.7 మీటర్లు. 160 వేగంతో బంతి సెకనుకు 44.4 మీటర్లు పోతుంది, అంటే దాదాపు 0.4 సెకన్లలో చేరుతుంది. పాత టీవీ రికార్డింగ్‌లో సెకనుకు 25 ఫ్రేములు. కాబట్టి బంతి ప్రయాణం మొత్తం పది ఫ్రేముల్లో అయిపోతుంది. లెక్కపెట్టేవాడు బంతి చేతిలోంచి ఎప్పుడు విడిందో ఒక్క ఫ్రేము అటూ ఇటూ పొరబడితే? పది ఫ్రేములైతే 159. తొమ్మిదైతే 177. పదకొండైతే 145. ఒక్క ఫ్రేములో థామ్సన్ చరిత్రలోకెల్లా వేగవంతుడూ అవుతాడు, మామూలు బౌలరూ అవుతాడు. మసగ్గా కదిలిపోయిన బొమ్మలో బంతి చేతిలో ఉందో గాల్లో ఉందో తేల్చడం ఎంత కష్టమో ఎవరికి వారు ప్రయత్నించి చూసుకోవచ్చు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 1960ల దాకా నోబాల్‌ని వెనక కాలు చూసి ఇచ్చేవారు. వెనక కాలిని ఈడ్చుకుంటూ వెళ్లి, ముందు కాలు క్రీజు దాటించి బంతి వదిలినా చెల్లేది. అంటే అప్పటి బౌలర్ బ్యాటర్‌కి మరింత దగ్గర్నుంచి వేసేవాడు. వేగం తక్కువైనా బ్యాటర్‌కి దొరికే టైమ్ తక్కువే. ఇవాళ బుమ్రా విషయంలో కూడా ఇదే మాట వినబడుతుంది. ఒక అడుగు, అంటే 30 సెంటీమీటర్లు, ముందుకొచ్చి వదిలితే 145 బంతి 147 పైచిలుకు బంతిలా వచ్చి తగులుతుంది. అందుకే వేగంతో పాటు ఎక్కడ వదిలాడో కూడా ఇవ్వండి. కెమెరాలు ఎలాగూ దాన్ని పట్టుకుంటున్నాయి, పారబోయడం దేనికి?

మిగతా ఆటలు ఈ సమస్యని ఎప్పుడో దాటేశాయి. అథ్లెటిక్స్‌లో 1977 నుంచి 100 మీటర్ల ప్రపంచ రికార్డుకి ఎలక్ట్రానిక్ టైమింగే చెల్లుతుంది. స్టాప్‌వాచ్ కాలపు పరుగుల్ని ఎవరూ అవమానించలేదు, వేరే పేజీలో పెట్టారంతే. వెనకగాలి సెకనుకు 2 మీటర్లు దాటితే ఎంత గొప్ప పరుగైనా రికార్డు కాదు. బోల్ట్ 9.58 పక్కన ఆ రోజు గాలి 0.9 అని రాసి ఉంటుంది. టెన్నిస్‌లో 2012లో బుసాన్‌లో సామ్ గ్రోత్ 263 వేగంతో సర్వ్ చేశాడు, కానీ ఆ స్థాయి టోర్నీల్లో గన్‌లకి ఆమోదం లేదని పురుషుల టెన్నిస్‌ని నడిపే ఏటీపీ దాన్ని రికార్డుగా తీసుకోలేదు. 2016లో ఇస్నర్ కొట్టిన 253 రికార్డుగా నిలిచింది. గ్రోత్‌కి బాధ ఉండొచ్చు, గందరగోళం మాత్రం లేదు.

నాకు బాగా నచ్చేది బేస్‌బాల్. 2010లో అరోల్డిస్ చాప్‌మన్ వేసిన బంతికి మొదట 105.1 మైళ్లని రాశారు. తర్వాత కొలిచే చోటు మారింది, చెయ్యి వదిలిన క్షణానికి మార్చారు. పాత బంతిని కూడా కొత్త పద్ధతిలో లెక్కగట్టి 105.8 అని సరిదిద్దారు. ఎందుకు సరిదిద్దారో ఎవరడిగినా చెప్పగలరు. మేజర్ లీగ్ స్టేడియాలన్నిట్లోనూ ఒకే వ్యవస్థ, ప్రతి బంతి వివరమూ జనం చూసుకునేలా ఇంటర్నెట్‌లో ఉంటుంది. ఒక్క లీగ్ చేసిన పనిని ప్రపంచ కప్‌లు నడిపే మీరు చేయలేరంటే నమ్మమంటారా?

ఖర్చు అంటారు. ప్రసారకులు కొనుక్కున్న పరికరాలు, మా మాట వినరు అంటారు. అన్ని దేశాలకూ రేపే రాడార్లు కొనిపెట్టమని నేనేం అడగట్లేదు. మీ సొంత టోర్నీల్లో మొదలుపెట్టండి, అక్కడ ప్రసార హక్కులు అమ్మేది మీరే, షరతులు రాసేది మీరే. గన్ ఎక్కడ బిగించాలో, ఎంత కోణానికి మించకూడదో రాయండి. ట్రాఫిక్ పోలీసులు వాడే రాడార్ గన్‌ని కూడా ట్యూనింగ్ ఫోర్క్ మోగించి సరిచూసే పద్ధతి ఉంది. తెలిసిన ఫ్రీక్వెన్సీ గల ఫోర్క్‌ని ముందు పెడితే గన్ ఫలానా అంకె చూపించాలి, చూపించకపోతే ఆ గన్ పక్కకి. మ్యాచ్ ముందు టాస్‌కి పట్టే టైమ్ కూడా పట్టని పని. 150 దాటిన బంతిని రికార్డుల్లోకి ఎక్కించే ముందు రాడారూ, కెమెరా రెండూ దగ్గర దగ్గరగా చెప్పాయా అని చూడండి. చెప్పకపోతే ఎక్కించకండి. సిరాజ్ 181 లాంటివి అక్కడే ఆగిపోతాయి. వాటితో పాటు, ఎవరికీ తెలియకుండా జారిపోయే 153లు కూడా ఆగిపోతాయి.

పాత అంకెల్ని చెరిపెయ్యమని మాత్రం అనను. అఖ్తర్, లీ, టెయిట్, థామ్సన్, స్టార్క్, అందర్నీ ‘ప్రమాణానికి ముందు’ అనే జాబితాలో గౌరవంగా ఉంచండి. పక్కన ఏ పద్ధతిలో కొలిచారో తెలిసినంత మేర రాయండి. ఆ జాబితాలో ఒకటో స్థానం కోసం కొట్టుకునేవాళ్లు కొట్టుకుంటారు, ఆ సరదా మాకు వదిలెయ్యండి. నన్నడిగితే భుజం జారకముందు థామ్సనే అంటాను. ఇది కేవలం అభిమానం, దీనికి ప్రమాణం అక్కర్లేదు.

మహిళల క్రికెట్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ అన్యాయం ఎక్కువ. 2024 మార్చి 5న ఢిల్లీలో మహిళల ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లో దక్షిణాఫ్రికా బౌలర్ షబ్నిమ్ ఇస్మాయిల్ 132.1 వేసింది. మహిళల్లో 130 దాటిన మొదటి బంతి అని రాశారు. నిజమే కావచ్చు. కానీ అంతకుముందు ఎన్ని మహిళల మ్యాచ్‌లకి అసలు స్పీడ్ గన్ పెట్టారు? ఆస్ట్రేలియాకి చెందిన క్యాథరిన్ ఫిట్జ్‌ప్యాట్రిక్ 125 వేసేదని చెప్పుకుంటారు. ఆవిడ ఆడిన మ్యాచ్‌ల్లో ప్రతి బంతీ కొలిచి ఉంటే ఆ కథ ఎలా ఉండేదో! ప్రమాణం పెట్టే రోజున మగవాళ్ల టోర్నీకి, ఆడవాళ్ల టోర్నీకి ఒకేసారి పెట్టండి. ముందు ఇది, తర్వాత అది అంటే ఆ ‘తర్వాత’ ఎప్పటికీ రాదు.

రికార్డుల పిచ్చి కోసం ఇంత రాద్ధాంతమా అని కొందరికి అనిపించవచ్చు. రికార్డు ఇందులో చిన్న సంగతి. 2024 ఐపీఎల్‌లో మయాంక్ యాదవ్ మొదటి మ్యాచ్‌లోనే 155.8 వేశాడు, తర్వాతి మ్యాచ్‌లో 156.7. దేశమంతా ఊగిపోయింది. కొద్ది రోజులకే గాయం, తిరిగొచ్చి ఒక్క మ్యాచ్ ఆడేసరికి మళ్లీ గాయం, సీజన్ అక్కడితో సరి. ఆ కుర్రాడొక్కడే కాదు. 1973లో డెన్నిస్ లిల్లీ వెన్నెముకలో ఎముకలు చిట్లడం దగ్గర్నుంచి న్యూజిలాండ్ షేన్ బాండ్ దాకా, విపరీతమైన వేగంతో వేసేవాళ్ల కథలన్నీ ఆస్పత్రి గుమ్మం ముందునుంచే పోతాయి. ఒక బౌలర్ వేగం స్పెల్ స్పెల్‌కీ ఎలా పడుతోందో చూస్తే శరీరం అలిసిపోతున్న సంగతి ఫిజియోకి ముందే అందుతుంది. కానీ ఆ పడటం రెండు కిలోమీటర్లో మూడు కిలోమీటర్లో ఉంటుంది. ఊరు మారితే గన్‌లోనే అంత తేడా వస్తున్నప్పుడు ఆ హెచ్చరిక ఎలా వినబడుతుంది? పైగా తెర మీద కనబడేది ఎప్పుడూ ఒక్క బంతి, అత్యధిక వేగం. కుర్రాళ్లు దాని వెనకే పడుతున్నారు. స్పెల్ సగటు చూపించండి. 2024లో ట్రెంట్‌బ్రిడ్జ్‌లో మార్క్ వుడ్ 97.1 మైళ్ల బంతి వేశాడని అందరికీ తెలుసు. ఆ స్పెల్ మొత్తం సగటు ఎంతన్నది మాత్రం కొద్దిమందే మాట్లాడుకున్నారు.

వేగానికి అంకె లేకపోతే అందం తగ్గిపోదని నాకూ తెలుసు. 1981లో బార్బడోస్‌లో హోల్డింగ్ బాయ్‌కాట్‌కి వేసిన ఓవర్ ఉంది. అయిదు బంతులు తట్టుకుని ఆరో బంతికి బౌల్డ్. దాంట్లో ఒక్క బంతికీ స్పీడ్ పడలేదు, ఆ ఓవర్‌కి వచ్చిన లోటేమీ లేదు. 1999లో కోల్‌కతాలో ద్రవిడ్, సచిన్‌ల స్టంప్స్‌ని వరుస బంతుల్లో అఖ్తర్ ఎగరగొట్టినప్పుడు ఈడెన్ గార్డెన్స్‌లో ఉన్నవాళ్లెవరూ అది 150నా 152నా అని అడగలేదు. అంకె లేకుండా మేం సంతోషంగానే ఉన్నాం. అంకె పెట్టింది మీరూ, ప్రసారకులూ. పెట్టి, దాని మీద బహుమతులు ఇచ్చి, దాన్ని చూసి కుర్రాళ్లని ఆకాశానికెత్తి, మళ్లీ దాన్నే చూసి కింద పడేస్తున్నారు. అలాంటప్పుడు ఆ అంకెకి ఎవరో ఒకరు పూచీ పడాలి.

2027 వన్డే ప్రపంచ కప్ దక్షిణాఫ్రికా, జింబాబ్వే, నమీబియాల్లో జరగబోతోంది. ప్రమాణం రాయడానికి, రెండు మూడు సిరీస్‌ల్లో పరీక్షించి చూడటానికి, ప్రసార ఒప్పందాల్లో చేర్చడానికి ఇంకా వ్యవధి ఉంది. మీ క్రికెట్ కమిటీ తర్వాతి సమావేశం ఎజెండాలో ఈ అంశాన్ని చేర్చి, ఏం తేల్చారో ఒక ప్రకటన రూపంలో చెప్పండి. వద్దనుకుంటే ఎందుకు వద్దో అదే ప్రకటనలో రాయండి.

ఇట్లు,
ఫాస్ట్ బౌలింగ్ అంటే ప్రాణం పెట్టే ఒక అభిమాని